అయిదు కిలోల పొగగొట్టం

రేపల్లె,
4-1-1968

నువ్వు అమ్ముడుపోయావు బావా. ఇంతకన్నా మెత్తటి మాట నాకు దొరకలేదు. దొరికినా వాడేవాణ్ణి కాదు.

మొన్న కృపమ్మ పిన్ని తెనాలి నుంచి వస్తూ మా ఇంట్లో దిగింది. మా చెల్లెలు రిబ్కా ఎలా ఉంది, నువ్వెలా ఉన్నావు అని అడిగాను. "రిబ్కాకేం, బానే ఉంది. బాబూరావే ఇంట్లో కనపడ్డం మానేశాడు. నందివెలుగు హనుమయ్యగారి ఫియట్టు కింద పడుకుని ఉంటున్నాడు. మద్రాసులో కార్ల పందేలంట. అందుకోసం సైలెన్సరు కోసేశాడంట" అంది. అని టీ తాగి, భట్టిప్రోలులో తన టీ బడ్డీ తెరవాలని రైలెక్కి పోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

అదే భట్టిప్రోలులో కోతకూలీలు కూలిరేటు పెంచమని కొడవళ్ళు దించి పదకొండు రోజులైంది. వాళ్ళ సభకు రమ్మని నీకు కార్డు రాశాను. రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. డెబ్బై ఎకరాల మాగాణి ఉన్న ఆసామి సరదా తీర్చడానికి మా బావ ఆయన కారు కింద వెల్లకిలా పడుకున్నాడు!

సైలెన్సరంటే ఏంటి బావా? పక్కవాడి చెవికి మనమిచ్చే మర్యాద. అది కోసెయ్యడమంటే ఏంటి? నా చప్పుడు ఊరంతా వినాలి, ఊరి గోల మాత్రం నా చెవిన పడకూడదు అనడం. హనుమయ్య అనడంలో వింత లేదు. రంపం పట్టుకుని కోసిపెట్టింది నువ్వు కావడమే నాకు గుచ్చుకుంటోంది.

సరే, కోశావు. ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. గొట్టం నువ్వు కోశావు, మసి నువ్వు పూసుకున్నావు. పందెం రోజున స్టీరింగు ఎవరు పట్టుకుంటారు?

ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దాలి. ఘర్షణ అంటే ఏమిటని అడిగితే ఒకడు "మా ఇంట్లో నాయనమ్మకూ అమ్మకూ ఉండేది" అని రాశాడు. వాడికి సగం మార్కులు వేశాను.

రిబ్కాకూ పిల్లలకూ దీవెనలు. నీకు ఈసారి లేవు.
సంజీవరావు

*

తెనాలి,
8-1-1968

పూజ్యులైన బావగారికి బాబూరావు నమస్కారాలు.

మీ కవరు చేరిందండి. రిబ్కా చదివి వినిపించింది. "అమ్ముడుపోయావు" దగ్గర కొంచెం గట్టిగానే చదివింది.

సైలెన్సరు కోసెయ్యలేదండి. మార్చాను. కోసెయ్యడం ఎవడైనా చేస్తాడు. సంగతి చెబుతాను వినండి.

మద్రాసు దగ్గర షోలవరం అని ఊరుంది. అక్కడ పాత విమానాల మైదానం మీద వచ్చే నెల పదకొండున పందేలు. మామూలువాళ్ళు మామూలు కార్లతో పాల్గొనే పందెం కూడా ఒకటి ఉందండి. అందులో కారు కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. ఇంజను ముట్టకూడదు, గేర్లు ముట్టకూడదు, బాడీ రేకు గీకకూడదు. ఇంజను లోంచి పొగ బయటికి పోయే గొట్టం ఒక్కటే మనిష్టం. మెకానిక్కుకి వాళ్ళు వదిలిన సందు అదొక్కటేనండి.

కంపెనీ గొట్టం, మధ్యలో సైలెన్సరు డబ్బా, అన్నీ కలిపి పన్నెండు కిలోలు. నేను మద్రాసు నుంచి పల్చటి రేకు తెప్పించి చుట్టి, అతికి, అయిదు కిలోల్లో తేల్చాను. వంపులు నొక్కుకుపోకుండా బాపట్ల అవతల సూర్యలంక నుంచి ఇసక తెచ్చి, ఎండబెట్టి, గొట్టంలో కూరి, కాల్చి, బెత్తెడు బెత్తెడు చొప్పున వంచాను. పంతొమ్మిది రోజులు పట్టిందండి. చప్పుడు తగ్గడానికి లోపల చిల్లుల గొట్టం పెట్టి చుట్టూ పీచు కూరాలి. మొదట ఇంట్లో ఉందని కొబ్బరిపీచు కూరాను. షెడ్డున్న బజారంతా పొగ పట్టేసి, ఎవరో ఫైరింజనుకు ఫోను చేశారు. ఆ తర్వాత ఇనప పీచు పెట్టాను. ఇప్పుడు చప్పుడు గట్టిగానే ఉంటుంది గానీ మర్యాదగా ఉంటుందండి.

ఇక మీ ప్రశ్న. తోలేది హనుమయ్యగారే. కారు ఆయనది కదండీ.

సూర్యలంక రోడ్డు మీద మూడు మైళ్ళు కొలిచి పరీక్ష చేశాం. ఆయన మూడు నిమిషాల ఎనిమిది సెకన్లలో వచ్చారు. నేను ఊరికే, గొట్టం బిగువు చూద్దామని తోలితే రెండు నిమిషాల యాభై పట్టింది. ఈ లెక్క మీలో ఉంచుకోండి. ఇరవై ఏళ్ళుగా కార్ల కిందే ఉన్నాను. పైకెక్కితే షెడ్డు నుంచి రోడ్డుకీ, రోడ్డు నుంచి షెడ్డుకీ. నాకు పందేల మీద కోరికలేం లేవండి.

ఆ సెకన్లు రాయొద్దని రిబ్కా అంటోంది. రాసేశాను.

మీ విధేయుడు,
బాబూరావు

*

రేపల్లె,
11-1-1968

బావా,

సైలెన్సరు విషయంలో నా మాట సగం వెనక్కు తీసుకుంటున్నాను. రెండో సగం అట్టేపెట్టాను, అవసరం పడుతుంది.

కోరికల్లేనివాడు సెకన్లు లెక్కపెట్టడు. అది నాకు నువ్వు చెప్పక్కర్లేదు.

నీ ఉత్తరం బ్లాకుబోర్డు మీద లెక్క చేసి చూశాను. కంపెనీ గొట్టం పన్నెండు. నీది అయిదు. మిగిలింది ఏడు కిలోలు. పంతొమ్మిది రోజులు కొలిమి దగ్గర మాడి నువ్వు సాధించింది ఏడు కిలోలు. నువ్వు ఎంతుంటావు? తడిబట్టలతో నిలబెట్టినా యాభై మూడు. హనుమయ్య ఎంతుంటాడు? నేనాయన్ను రేపల్లె స్టేషన్లో రిక్షా దిగుతుండగా చూశాను. ఆయన దిగాక రిక్షా జానెడు పైకి లేచింది. వందకు తక్కువుండడు.

అంటే ఏంటి? కారు కింద ఏడు కిలోలు తీసి, కారులో యాభై కిలోలు ఎక్కించారు! ఆ యాభై తగ్గాలంటే నువ్వు ఇలాంటి గొట్టాలు ఏడు చెయ్యాలి. కారుకున్నది ఒక్క గొట్టం. ఈ దేశంలో ఎక్కడ చూడు, ఇదే తంతు. పొదుపు ఎప్పుడూ కిందనుంచే మొదలెడతారు. గుమాస్తా పెన్సిలు ముక్క దగ్గర, నౌకరు ఎంగిలి మెతుకు దగ్గర, పొగగొట్టం దగ్గర. సీట్లో కూచున్న బరువు మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

వెళ్ళి ఆయన మొహం మీద చెప్పు. "అయ్యా, ఈ కారుకు బరువు మీరు. తోలాల్సింది నేను." రెండు ముక్కలు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

ఈ 21 ఆదివారం ఇక్కడ మన చర్చి గుడిలో కోతపండుగ. అందరూ రండి. నాకు భక్తి తక్కువ, గొంతు ఎక్కువ అని కానుకల వేలంపాట మళ్ళీ నాకే అప్పజెప్పారు.

ఇట్లు, లెక్క తప్పని
సంజీవరావు

*

తెనాలి,
17-1-1968

బావగారికి నమస్కారాలు.

చెప్పానండి. పూర్తిగా మీరు చెప్పమన్నట్టు కాదు. కొంచెం పక్కనుంచి చెప్పాను.

నందివెలుగులో ఆయన ధాన్యం మిల్లుకు వెళ్ళినప్పుడు "బాబుగారూ, పందెంలో బరువు లెక్క కడతారండి, మనమూ ఒకసారి కాటా ఎక్కుదాం" అన్నాను. ముందు నేనెక్కాను. యాభై రెండున్నర. తర్వాత ఆయనెక్కారు. నూట నాలుగు. మిల్లు గుమాస్తా అలవాటు చొప్పున గోతాం బరువు తీసెయ్యబోయాడు.

"ఇంతుందేంట్రా!" అన్నారాయన. ఇదే అదను అనుకుని, "అదేనండీ, బరువు విషయం కొంచెం ఆలోచించాలండి" అన్నాను. ఆయన గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు.  చివరికి నా భుజం మీద చెయ్యేసి, "నిజమేరా బాబూ. నువ్వు మంచి మాట చెప్పావు. ఆ గొట్టం ఇంకో రెండు కిలోలు తగ్గించెయ్" అన్నారు.

ఏం చెయ్యమంటారు? చిత్తం అన్నాను.

ఇప్పుడు మొదటి గొట్టం విప్పి మూల పెట్టి, ఇంకా పల్చటి రేకుతో రెండోది మొదలెట్టాను. కిరసనాయిలు డబ్బా రేకు అంత పల్చన. వేలితో నొక్కితే లొత్తపడుతోంది. వేడికి నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. పందెం ఇంకా ఇరవై అయిదు రోజులు. ఈ హడావుడిలో నేను కోతపండక్కి రాలేను. రిబ్కా, పిల్లలు వస్తారు. గోనెపట్టాలో కానుక ఏదో గట్టిగా కట్టుకుంది. అడిగితే "దేవుడికిచ్చేది మగాళ్ళు తడిమి చూడకూడదు" అంది.

మీరు హనుమయ్యగారితో ఏం మాట్లాడకండి బావగారూ. ఆయన చెడ్డవాడు కాదు. మొన్న నాకు జ్వరమొస్తే కోడిని పంపారు.

విధేయుడు,
బాబూరావు

*

రేపల్లె,
22-1-1968

బావా,

జ్వరానికి కోడిని పంపాడా! నూరేళ్ళుగా మన నోళ్ళు మూయించింది ఆ కోళ్ళే. ఆలోచించు.

నిన్న పండుగ బ్రహ్మాండంగా జరిగింది. గుమ్మడికాయలు, పెసలు, అరిటిగెలలు, రెండు మేకపిల్లలు. ఒక పుంజు పాట మధ్యలో తప్పించుకుని ఆల్టరెక్కి కూచుంది. పాస్టరుగారు దిగమంటే దిగలేదు. ఈ గుడిలో పెద్దమనిషి మాటకు ఎదురు తిరిగిన మొదటి ప్రాణి అదే కాబట్టి దాన్ని నేనే పాడుకున్నాను.

మా చెల్లెలి కానుక అందర్నీ ఆశ్చర్యపరిచింది. గోనెపట్టా విప్పితే ఇనప గొట్టం! ఎవరికీ అర్థం కాలేదు. రిబ్కా లేచి నిలబడి, "పొలమున్నవాళ్ళు మొదటి పంట తెస్తారు. మా ఆయనకు పొలం లేదు. ఇలాంటి పని ఆయన చెయ్యడం ఇదే మొదలు. కాబట్టి మొదటి పంట ఇదే" అంది. గుడంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను, ఒప్పుకుంటాను. మూల పడేసిన తుక్కైనా ఎంత అర్థంతో ఇచ్చింది చూశావా!

ఆ తుక్కును నేను ఆషామాషీగా పాటకు పెట్టలేదు. "శ్రామికుడి చేతి పంట! నాలుగు వంపుల గొట్టం! ఒకటోసారి!" అని గొంతు చించుకున్నాను. ముగ్గురు పోటీ పడ్డారు. చివరికి కృపమ్మ పిన్ని పాడుకుంది. భట్టిప్రోలు బడ్డీలో పొయ్యికి పొగగొట్టం చేసుకుంటుందట. నీకు సంతోషమే కదా?

ఇంకో సంగతి. నువ్వు చెప్పలేకపోయావు కనక నేను హనుమయ్యకు నేరుగా ఆరు పేజీల ఉత్తరం రాశాను. "చక్రం ఎవరి చేతిలో ఉండాలన్నదే ఈ యుగపు ప్రశ్న. ఇంతకాలం చూస్తూ నిలబడ్డవాళ్ళం ఇక నిలబడం. స్టీరింగు ఇవ్వండి, లేదా చరిత్రే లాక్కుంటుంది" అని ముగించాను. నీ పేరు ఎత్తలేదు, నీకు ఇబ్బంది రాకూడదని.

విజయం మనదే.
సంజీవరావు

*

తెనాలి,
26-1-1968

బావగారూ,

ఎంత పని చేశారండీ. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు కలిసి ఎంత పని చేశారండీ.

ఆ గొట్టం తుక్కు కాదు. అదే అసలు గొట్టం. పంతొమ్మిది రోజుల గొట్టం. మూల పెట్టానని రాశాను గానీ పారేశానని రాశానా? రిబ్కా నిన్నటి నుంచి ఏడుస్తోంది. "మీరే కదా ఇది నా జన్మలో మొదటి మంచి పని అన్నారు. మొదటిది దేవుడికివ్వకపోతే రెండోది కలిసొస్తుందా" అంటుంది. అది అన్నదాంట్లో నాకు తప్పేం కనపడ్డం లేదు. అందుకే కోపం కూడా తెచ్చుకోలేకపోతున్నాను.

రెండోది కలిసి రాలేదు కూడా. మంగళవారం సూర్యలంక రోడ్డు మీద హనుమయ్యగారు మూడో మైలుకు రాకముందే కాగితం సంచీ పేలినట్టు పేలింది. ముక్కలు ఏరుకొచ్చాను. ఆయనకేం కాలేదు. దిగి, చూసి, "మొదటిది పెట్టెయ్యరా" అన్నారు. చిత్తమన్నాను. మొదటిది ఎక్కడుందో చెప్పలేదు. మద్రాసు రేకు మళ్ళీ తెప్పించి, వంచి, అతికే రోజుల్లేవు. పందెం ఇంక పదహారు రోజులు.

ఇక మీ ఉత్తరం. ఆయనకు చేరింది. గుమాస్తా చేత రెండుసార్లు చదివించుకున్నారు. నన్ను పిలిచారు. ఈ కారు పని పోయిందనుకుంటూ వెళ్ళాను. ఆయన కళ్ళల్లో జాలి, బావగారూ. "పాపంరా మాస్టారు. కారు తోలాలని ఎంత మోజుంటే ఆరు పేజీలు రాస్తాడు! పోనీలే, పందెం అయ్యాక ఒకరోజు తీసుకొచ్చి మన చెరకుతోట చుట్టూ రెండు రౌండ్లు తిప్పు. నువ్వు పక్కనే ఉండు, గుద్దేస్తాడు" అన్నారు.

నా పేరు ఎత్తకుండా మేలు చేశారు. ఎత్తకపోబట్టే ఆ స్టీరింగు మీకోసమనుకున్నారు.

దయచేసి భట్టిప్రోలు వెళ్ళి గొట్టం తీసుకురండి. నేను వెళ్ళలేను. కృపమ్మ అత్త మొహం చూసి నాకు మాట రాదు.

బాబూరావు

*

రేపల్లె,
30-1-1968

బావా,

నేను చెరకుతోట చుట్టూ తిరగను. అది ముందు రాసుకో.

భట్టిప్రోలు వెళ్ళాను. కృపమ్మ పిన్ని బడ్డీ ముందు బల్ల మీద కూచున్నాను. నీ గొట్టం పొయ్యి వెనకనుంచి లేచి, తాటాకు కప్పులోంచి బయటికి తలపెట్టి, హాయిగా పొగ వదులుతోంది. లోపల ఎప్పుడూ కళ్ళు మండేవి. ఆ రోజు పిన్ని మొహం నేను పొగ లేకుండా చూడటం మొదటిసారేమో. నా చిన్నప్పటి నుంచి ఆవిడ కళ్ళు ఎర్రగానే ఉంటాయని అనుకునేవాణ్ణి.

శ్రమ, చరిత్ర, పందెం, అన్నీ కలిపి అరగంట చెప్పాను. రెండు టీలు చల్లారాయి. చివర్లో "కాబట్టి గొట్టం ఇవ్వు పిన్నీ" అన్నాను.

"ఎందుకివ్వాల్రా?"

"అది పొరపాటున వచ్చింది."

"దేవుడికిచ్చింది పొరపాటేంట్రా? నువ్వే కదూ మూడుసార్లు అరిచావ్? నేను పాడుకున్నాను. నాది."

"నీది కాదన్లేదు. కారుకు కావాలి."

"ఎవరి కారుకు?"

"హనుమయ్య కారుకు."

"ఎవడు తోలతాడు?"

"ఆయనే."

పిన్ని టీ గుడ్డ పిండి దండెం మీద వేసింది. "ముప్పై ఏళ్ళు ఆ ఇంటి పొలాల్లో వంగి నాట్లేశాను. వాళ్ళు గట్టుమీద నిలబడి చూశారు. ఇప్పుడు నా కళ్ళల్లోకి మళ్ళీ పొగ తెచ్చుకుని ఆయన కింద గొట్టం పెట్టాలా? ఇవ్వను. బాబూరావు తోలితే చెప్పు, పదిరోజులు ఎరువిస్తాను. అప్పటిదాకా నా పొయ్యికి వేరే గొట్టం తెచ్చి బిగించాలి. ఆ పని కూడా బాబూరావే చెయ్యాలి, నువ్వు ముట్టుకోవద్దు."

బావా, నేను పాతికేళ్ళుగా సభల్లో చెబుతున్నది ఆవిడ టీ గుడ్డ పిండుతూ చెప్పింది. కారు హనుమయ్యది, గొట్టం కృపమ్మది! ఆస్తిహక్కు పవిత్రమని ఆయన తాత ఏదో భూమి తగాదాలో కోర్టుకెక్కి వాదించాడట, ఇప్పుడు మనవణ్ణి అనుభవించమను.

కారుకు కంపెనీ ఇచ్చిన పన్నెండు కిలోల గొట్టం షెడ్డులోనే ఉందిగా? అది పొయ్యికి పట్టుకెళ్ళు. హనుమయ్యను కూడా భట్టిప్రోలుకు తీసుకెళ్ళు. నేను కూడా వస్తానన్నాను గానీ పిన్ని వద్దంది. "నువ్వొస్తే టీలు చల్లారిపోతాయి" అంది.

ధైర్యం తెచ్చుకో.
సంజీవరావు

*

రేపల్లె,
13-2-1968

బావా! బావా!

నీ టెలిగ్రాం అందింది. "నేనే తోలాను. అయిదో స్థానం." ఆ నాలుగు మాటలు స్టాఫురూములో బల్లెక్కి చదివాను. హెడ్మాస్టరు దిగమన్నాడు. దిగలేదు. పుంజు గుర్తొచ్చింది.

వివరాలు రాయి. నేను ఆగలేక ఈలోగా ఒక వ్యాసం రాసి పత్రికకు పంపబోతున్నాను. నకలు జతపరిచాను. శీర్షిక "చక్రం చేతికొచ్చిన రోజు". పన్నెండు పేజీలు. ఎల్లుండి పోస్టు చేస్తాను. చదివి ఆనందించు.

పోరాట అభినందనలతో,
సంజీవరావు

*

తెనాలి,
14-2-1968

బావగారికి నమస్కారాలు.

మీ వ్యాసం చదివాను. ముందు జరిగింది చెబుతాను. తర్వాత వ్యాసం సంగతి.

హనుమయ్యగార్ని భట్టిప్రోలు తీసుకెళ్ళాను. దారంతా ఏం చెప్పలేదు, గొట్టం అక్కడుందని మాత్రం చెప్పాను. ఆయన బల్లమీద కూచున్నారు. బల్ల మూలిగింది. కృపమ్మ అత్త టీ ఇచ్చింది. ఆయన "ఏం కావాలమ్మా ఆ గొట్టానికి" అన్నారు. "అమ్మనండి. బాబూరావు తోలితే పదిరోజులు ఎరువిస్తాను" అంది. "నా కారు ఎవరు తోలాలో నువ్వు చెబుతావా?" అన్నారు. అత్త నిదానంగా, "కారు మీదే బాబుగారూ. తీసుకెళ్ళండి. గొట్టం సంగతే నేను చెప్పేది" అంది.

ఆయన రెండో టీ తాగారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఏరా, నీకు తోలాలనుందా?"

బావగారూ, నాకు చిత్తం అనడమే అలవాటు. ఈసారి చిత్తమంటే అర్థం లేదు. "ఉందండి" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మీరు కారు కొన్నరోజు నుంచండి."

"మరి చెప్పవేంరా?"

"మీరు అడగలేదండి."

"అడక్కపోతే చెప్పవా? నూట నాలుగు కిలోలని నాకు తెలీదనుకున్నావా? నన్ను దిగమని ఎవడూ అనలేదు గనక కూచున్నాను!" అని అరిచారు. అరిచి, ఇంకో టీ ఇమ్మన్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. పొగ లేదక్కడ, అయినా తుడుచుకున్నారు.

నేను కప్పెక్కి కంపెనీ పాత గొట్టం పొయ్యికి బిగించి, అసలుది దించాను. లోపల మసి తప్ప దెబ్బ లేదు.

షోలవరంలో పన్నెండు కార్లు, ఏడు రౌండ్లు. మొదటి మలుపులో భయంతో బ్రేకు ముందే తొక్కి ఆఖరికి పడ్డాను. రెండో రౌండునుంచి చెవి పెట్టి గొట్టం చప్పుడు విన్నాను. ఎక్కడ గేరు మార్చాలో అదే చెప్పింది. అది చేసింది నేనే కదండీ, దాని మాట నాకు తెలుసు. అయిదో స్థానంలో వచ్చాను. హనుమయ్యగారు పంచె ఎగ్గట్టి కంచె పొడుగునా పరిగెత్తుతూ "మావాడు! మావాడు!" అని అరుస్తున్నారు.

పందెం అయ్యాక మైకులో అయిదోస్థానం హనుమయ్య అని చదివారు. డ్రైవరు మారాడని పొద్దున్నే రాయించాం గానీ మైకాయన దగ్గర పాత కాగితం ఉంది. ఆ పేరు వినగానే హనుమయ్యగారు అలవాటుకొద్దీ చెయ్యెత్తి అందరికీ నమస్కారం పెట్టారు. చుట్టూ చప్పట్లు.

నేను రెండు నిమిషాలు నిలబడ్డాను. ఎవరైనా చెబుతారేమో అని చూశాను. మీరు లేరు. కృపమ్మ అత్త లేదు. నేనే నడిచి పేర్లు రాసేవాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళాను. నాకు ఇంగ్లీషు రాదు, వాళ్ళకు తెలుగు రాదు. నా గుండె మీద వేలు పెట్టుకుని, స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పి, "బాబూరావు, తెనాలి" అన్నాను. మూడుసార్లన్నాను. కొట్టేసి రాశారు. మళ్ళీ చదివారు.

తిరుగు దారిలో హనుమయ్యగారు నెల్లూరులో కారు ఆపమన్నారు. టిఫిను దగ్గర "నేను చెయ్యెత్తకుండా ఉండాల్సింది" అన్నారు. "అవునండి" అన్నాను. అంతే. పెసరట్లు తిన్నాం.

ఇక మీ వ్యాసం. పన్నెండు పేజీల్లో "ఒక అణగారిన కార్మికుడు" అని పదిహేడుసార్లు ఉంది. రిబ్కా లెక్కపెట్టింది. బాబూరావు అని ఒక్కసారీ లేదు. సంజీవరావు అని మూడుచోట్ల ఉంది. మీరు మైకాయన దగ్గరి పాత కాగితం కన్నా నయమేం కాదు బావగారూ. కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా ఫరవాలేదు. మీ దగ్గరే నేర్చుకున్నాను గనక నా డిమాండ్లు కింద రాస్తున్నాను. పోస్టు చేసేముందు ఇవి జరగాలి.

1. "అణగారిన కార్మికుడు" పదిహేడు చోట్లా కొట్టేసి బాబూరావు అని రాయాలి.

2. గొట్టం చేసింది బాబూరావు, గొట్టం సొంతదారు భట్టిప్రోలు కృపమ్మ అని విడివిడిగా రాయాలి.

3. హనుమయ్యగార్ని పందికొక్కు అన్న వాక్యం తీసెయ్యాలి. ఆయన్ను ఏమైనా అనాల్సి వస్తే నేనంటాను. ఇప్పుడు నాకు వచ్చు.

4. నన్నడక్కుండా నా తరఫున ఎవరికీ ఉత్తరం రాయకూడదు. ఆరు పేజీలైనా, కార్డైనా.

5. రిబ్కాకు కారు నేర్పుతున్నాను. దాని మీద వ్యాసం రాయకూడదు. రాయాలంటే అదే రాసుకుంటుంది.

6. వచ్చే ఏడు షోలవరం మీరు రావాలి. కంచె అవతల నిలబడి చప్పట్లు కొట్టాలి. ఉపన్యాసం ఇవ్వకూడదు.

బాబూరావు